సుత్తి దెబ్బల లెక్క

పలాస కాలేజీ కామర్సు వాళ్లం ఇరవై ఇద్దరం,
అద్దె వ్యానొకటి, బిస్కెట్ల డబ్బా ఒకటి,
భానోజీ మాస్టారి జేబులో ప్రశ్నల కాగితం.
ముందు సీట్లో, వ్యాపారం ఎలా చేస్తారో చూడ్డానికి
మెక్సికో నుంచి వచ్చిన ఇత్సెల్.
టెక్కలి దాటాక చింతచెట్టు కనిపిస్తే
"తమరిందో!" అని అరిచింది.
ఆ రోజు నేను తిప్పి చెప్పక్కర్లేని మొదటి మాట అదే.

బుడితి వీధి
కనిపించకముందే వినిపించింది.

కొలిమి ముందు గొంతుక్కూర్చున్న పైడాచారి తాత
లేవలేదు.
"రండి, కూకోండి" అన్నాడు,
కూర్చోడానికి ఏమీ లేని చోట.

మాస్టారు నన్ను ముందుకి తోశారు.
ఆవిడ ఇంగ్లీషులో అడుగుతుంది,
నేను పుస్తకాల తెలుగులోకి దించుతాను,
తాత దాన్ని మళ్లీ కరిగించి
తన తెలుగులో పోసుకుంటాడు.

"మీరు ఔత్సాహిక పారిశ్రామికవేత్తగా ఎలా మారారు?"
"ఏటమ్మా అది?
నానేటీ మారనేదు.
మా అయ్య పోనాడు. సుత్తి కాళీగుంది. అట్టుకున్నాను."

"మూలధనం?"
"పాత బిందిలు. సొట్టలడ్డవి, సిల్లులడ్డవి.
ఈ సుట్టుపక్కల పెళ్లిళ్లన్నీ
ఎప్పుడో ఓనాడు నా కొలిమిలోకే ఒస్తాయి."

"నష్టభయం?"
తాత చాలాసేపు నవ్వాడు,
దగ్గు వచ్చేదాకా.
ఆ గడి ఖాళీగానే వదిలేశాను.

లాభం దగ్గరికి వచ్చేసరికి
చెంబు తీసి కాటా మీద పెట్టాడు.
"షావుకారు కిలోకింతని కొంటాడు.
దీని మీద ఎన్ని దెబ్బలున్నాయో సూడు.
దెబ్బకి బరువు నేదమ్మా.
గీకి, తోమి, మెరుపెడితే
ఉన్న బరువూ తగ్గుతాది.
ఎంత బాగా సేస్తే అంత తక్కువొస్తాది.
మీ బుక్కుల్లో దీన్నేటంటారు?"

దీనికి మాకొక చాప్టరు ఉండాలి.
మాస్టారు కాగితం మడిచి
జేబులో పెట్టుకున్నారు.

నేను చెప్పడం పూర్తయ్యాక
ఇత్సెల్ ఏమీ అడగలేదు,
సుత్తి కోసం చెయ్యి చాపింది.
వాళ్ల ఊళ్లో రాగి కొడతారట.
ఆడపిల్లలకి సుత్తి ఇవ్వరట.
నాన్న నిద్రపోయాక
చెల్లా పాతగుడ్డ చుట్టి
చప్పుడు కాకుండా కొట్టుకునేవారట.

నాలుగు దెబ్బలు వేసింది.
తాత చూపు నిప్పుల మీదే ఉంది, చెవి మాత్రం ఇటు.
"ఈ గుంట సెయ్యి కొత్తది కాదు" అన్నాడు.
నేను నోరు తెరిచేలోపే
ఆవిడ నవ్వేసింది.

"మీ కాడ దెబ్బకెంతిస్తారు?"
"అక్కడా కిలోకే."

కాసేపు తిత్తి ఒక్కటే మాట్లాడింది.

తర్వాత చెప్పింది, వాళ్ల పిన్ని
ఒక కుండకి చీటీ కట్టిందట:
ఈ కుండకి నాలుగు వేల రెండు వందల దెబ్బలు.
ఎవరో ఒకాయన రెట్టింపిచ్చి కొన్నాడట.
"అబద్దం రాస్తే?" అన్నాడు తాత,
"కూకొని ఎవులు లెక్కెడతారు?"

ఆ వారం రికార్డు రాసి ఇచ్చాను.
పదికి ఏడు వచ్చాయి,
నష్టభయం గడి నింపలేదని మూడు పోయాయి.

ఆదివారం టెక్కలి బస్సెక్కాను ఒక్కదాన్నే.
తాత ఎందుకొచ్చావని అడగలేదు,
పీట మాత్రం తెప్పించాడు.
నోటుబుక్కులో నాలుగు గీతలు, మీద ఒక అడ్డగీత,
మళ్లీ నాలుగు, మళ్లీ అడ్డం.
చెంబు మెడ తిరుగుతూనే ఉంది.
వేళ్లు నొప్పి పుట్టాయి, కొట్టేది నేను కాకపోయినా.

టీ వచ్చింది. సుత్తి ఆగింది.
"ఎంతొచ్చినాది?"
"మూడు వందల పదకొండు."

"పన్నెండు" అన్నాడు, గ్లాసందుకుంటూ.
"ఒకటి మెల్లగా కొట్టినాను."